వెనక్కి రాని దారం

నా నోరు మంచిది కాదని ధారవాడ మాళమడ్డిలో ఎవరిని అడిగినా చెబుతారు. కూరలమ్మే మనిషి దగ్గర్నుంచి కరెంటు బిల్లు ఇచ్చే మనిషి దాకా నా చేత చీవాట్లు తిననివాళ్ళు లేరు. కానీ నా కసూతి కుట్టుపని కేంద్రంలో కూర్చుని కుట్టే పదకొండు మంది ఆడవాళ్ళను మాత్రం, మొదటి ఇరవై రెండేళ్ళలో, పని బాగాలేదని ఒక్క మాట అనలేదు. ఇది నాకు పెద్ద గొప్ప. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఆస్పత్రి బెంచీల మీద, వినే చెవి దొరికితే చాలు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను. ఎందుకు మానేశానో చెబుతాను.

కసూతి పని కొనేవాళ్ళు గుడ్డను ముందువైపు చూడరు. చేతికివ్వగానే తిరగేస్తారు. వెనకవైపు కూడా ముందువైపులాగే ఉండాలి. ముడి ఎక్కడా ఉండకూడదు. గోపురం బొమ్మ కుట్టాలంటే గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ సూది ఒక కుట్టు పైన, ఒక కుట్టు కింద పోతుంది. అలా చివరిదాకా పోయి, విడిచిన ఖాళీలు నింపుకుంటూ బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. పోయేటప్పుడు ఒక్క పోగు ఎక్కువ ఎత్తినా, చీలిక దగ్గర ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగినా, అప్పటికి ఏమీ తెలియదు. అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట సూది ఆగిపోతుంది. ఇక దారి ఉండదు. అప్పుడు తప్పు జరిగిన చోటిదాకా విప్పుకుంటూ పోవడం తప్ప వేరే గతి లేదు.

నాకు ఈ పని నేర్పింది మా అత్తగారు. నేర్పింది అనడం కంటే నా చేతిలో కుక్కింది అంటే సరిపోతుంది. పక్కన కర్ర గజం పెట్టుకుని కూర్చునేది. సూది ఆగిందంటే వేళ్ళ కణుపుల మీద ఒక్కటి పడేది. అంతటితో వదిలితే బాగుండును. పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ నా గుడ్డ ఎత్తి చూపించి, "మా కోడలు గోపురం కట్టింది చూడండమ్మా, దేవుడు లోపలికి పోతే బయటికి రాలేడు" అని నవ్వేది. ఆ తరవాత నా చేతే విప్పించేది, నా చేతే మళ్ళీ కుట్టించేది. పద్నాలుగేళ్ళు ఏడ్చాను. నా కింద పనిచేసే ఆడదాన్ని ఏనాడూ ఇలా ఏడిపించనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు నిలబెట్టుకున్నాను. ఎలాగంటే, పోయే దారి ఒక రోజు, తిరుగుదారి మర్నాడు అని కేంద్రంలో పద్ధతి పెట్టాను. సాయంత్రం ఐదింటికి వాళ్ళు గుడ్డలు మడిచి బీరువాలో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. పొద్దున ఏడింటికి, వాళ్ళు రాకముందే, నేను ఆ గుడ్డలన్నీ తీసి పెరటి మెట్టు మీద ఎండలో కూర్చునేదాన్ని. ఒక్కొక్కటీ తిరగేసి చూసేదాన్ని. తప్పున్న చోట సూదిమొనతో దారం లాగి, విప్పి, అదే రంగు దారంతో మళ్ళీ కుట్టి, మడత కూడా వాళ్ళు పెట్టినట్టే పెట్టి బీరువాలో సర్దేసేదాన్ని. పదింటికి వాళ్ళు వచ్చి నిన్న ఆపిన చోటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు. సూది ఎక్కడా ఆగేది కాదు. నవ్వుకుంటూ, మాట్లాడుకుంటూ, మధ్యాహ్నం జొన్నరొట్టెల్లోకి ఒకరి వేరుశనగ పొడి ఒకరు లాక్కుంటూ పని చేసుకునేవాళ్ళు. వాళ్ళ నవ్వులు వింటూ ఉంటే నా అత్తగారి మీద పగ తీర్చుకున్నంత హాయిగా ఉండేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అందులో ఎంత జాలి ఉందో అంత గీర కూడా ఉంది. తుంగక్క కేంద్రం గుడ్డకు వెనకవైపు చూడక్కర్లేదని బెంగళూరు దుకాణాలవాళ్ళు అంటుంటే నా ఒళ్ళు పొంగిపోయేది. పదకొండు మందికి నేర్పి ఆ పేరు తెచ్చుకోవచ్చు. లేదా పదకొండు మంది పని నేనే దిద్దుకుని తెచ్చుకోవచ్చు. రెండోది సులువు. నేను సులువైనదే చేశాను.

ఆ పదకొండు మందిలో నాకు ప్రాణం కల్లవ్వ. హెబ్బళ్ళి నుంచి వచ్చేది. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోతే అన్న ఇంటికి చేరింది. ఆ ఇంట్లో ఆమె పడుకునేది జొన్నల బస్తాల గదిలో. పంటలు ఇంటికి వచ్చిన నెలలో బస్తాలు పెరిగి, కాళ్ళు ముడుచుకుని పడుకోవలసి వచ్చేది. వదిన రొట్టె వడ్డిస్తూ, ఇంకోటి వెయ్యనా అని అడగకుండా, చాలుగా అని అడిగేదట. ఇవన్నీ కల్లవ్వ నవ్వుతూ చెప్పేది. అందరం కల్లీ అని పిలిచేవాళ్ళం. మా కన్నడంలో లకారం కాస్త నొక్కి కళ్ళీ అన్నామంటే దొంగ అని అర్థం. పక్కన కూర్చునే నీలవ్వ కావాలనే నొక్కి పిలిచేది, "మీ వదిన డబ్బాలోంచి ఏం దొంగిలించుకొచ్చావే కళ్ళీ?" అని. కల్లవ్వ డబ్బా తీసి చూపించేది. ఆమెకు కోపం వచ్చేది కాదు.

చెయ్యి చాలా చురుకు. కుట్టు సన్నం. అందరూ ఒక నెమలి కుట్టే లోపల ఆమె రెండు కుట్టేది. కానీ మాటల్లో పడి లెక్క తప్పేది. వారానికి రెండు మూడు చోట్ల పోగు ఎక్కువ ఎత్తేది. పొద్దున నేను అందరికన్నా ఎక్కువసేపు ఆమె గుడ్డ మీదే కూర్చునేదాన్ని. పన్నెండేళ్ళు అలా కూర్చున్నాను. తన సూది ఎన్నడూ ఆగదని కల్లవ్వ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? నిజంగానే ఆగలేదు కదా.

నాలుగేళ్ళ కిందట హుబ్బళ్ళిలో ఒక హోటల్లో మాకు ట్రైనింగ్ పెట్టారు. చేతిపనుల కేంద్రాలు నడిపేవాళ్ళందరినీ పిలిచారు. కోటు తొడుక్కున్న ఒక అమ్మాయి, నా మనవరాలి ఈడు ఉంటుంది, మా చేతికి తలా ఒక పసుపు చీటీ ఇచ్చి, మీ కింద పనిచేసేవాళ్ళు ఎదగడానికి మీరేం చేస్తున్నారో రాయమంది. నాకు నవ్వొచ్చింది. వాళ్ళేమైనా మొక్కజొన్న చేనా ఎదగడానికి అని పక్కావిడతో అన్నాను. చీటీ మీద, "మా దగ్గర తప్పులు జరగవు" అని రాశాను. ఆ అమ్మాయి అన్ని చీటీలూ చదివి నాది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తప్పులు జరగకపోతే మంచిదేనమ్మా. మరి రేపు మీకు జ్వరం వచ్చి నెల్లాళ్ళు పడుకుంటే, మీ కుర్చీలో కూర్చోగలిగేది ఎవరు?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఆలోచించకుండా కల్లవ్వ పేరు చెప్పేశాను. ఆ అమ్మాయి రాసుకుంది. గదగ్‌లో కొత్తగా శిక్షణ కేంద్రం పెడుతున్నారనీ, కసూతి నేర్పే మనిషి కోసం వెతుకుతున్నారనీ, మీ శిష్యురాలి పేరు పంపిస్తాననీ చెప్పింది. నిజంగానే పంపింది. నెల తిరక్కుండా కల్లవ్వకి ఉత్తరం వచ్చింది. పరీక్షకు రావాలి, ముందుగా తన చేతి పని ఒకటి నమూనాగా పంపాలి, ఎంపికైతే జీతంతో పాటు అక్కడే ఉండడానికి ఒక గది ఇస్తారు.

గది అన్న మాట దగ్గర కల్లవ్వ ఆగిపోయింది. ఉత్తరం నీలవ్వ చదువుతుంటే, ఆ ముక్క మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివించుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు వేరే మాట లేదు. కిటికీ ఎటువైపు ఉంటుందో, పొయ్యి పెట్టుకోనిస్తారో లేదో అని అందరినీ అడిగేది. సంతలో ఒక తాళం కప్ప కూడా కొని తెచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇంతవరకు తన వెనక తలుపు వేసుకుని పడుకోలేదు.

నమూనాగా ఆమె పంపింది ఏనుగు అంబారీ ఉన్న పెద్ద గుడ్డ. దాన్లో రెండు చోట్ల నా కుట్లున్నాయి. పరీక్షకు ఇంకా ఇరవై రోజులున్నాయి. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. కూర్చోబెట్టి, ఇదిగో నీ తప్పు, ఇక్కడ జరిగింది, విప్పు అనాలి. ఇరవై రోజులు ఏడ్చినా సరే నేర్చుకునేది. నేను పొద్దున్నే ఆమె గుడ్డ తీసి ఒడిలో పెట్టుకుని, ఈ రోజు దిద్దను అనుకునేదాన్ని. తొమ్మిదిన్నర అయ్యేసరికి దిద్దేసేదాన్ని. పరీక్ష ముందు పిల్ల మనసు విరిచేయడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను. పైగా ఇన్నేళ్ళుగా దిద్దుతున్నానని తెలిస్తే నన్నేమనుకుంటుంది? అది కూడా ఉంది. అది ఎక్కువే ఉంది.

చివరి రోజు కుట్టిన గుడ్డ మాత్రం, తేరు బొమ్మది, ఇంకా తిరుగుదారి పట్టనిది, దిద్దడానికి సమయం చిక్కలేదు. గదగ్ బస్సు పొద్దున ఆరింటికి.

పరీక్ష పెద్ద హాల్లో. ఏడుగురు వచ్చారు. వెంట వచ్చినవాళ్ళం గోడవార బెంచీల మీద కూర్చున్నాం. పరీక్ష పెట్టేవాళ్ళలో పెద్దావిడ హిరేమఠ్ మేడం. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి, వేళ్ళ కొసలు చూస్తేనే సూది పట్టిన మనిషని తెలుస్తోంది. ముందు తలా ఒక గుడ్డ ఇచ్చారు. అందులో కావాలని ఒక తప్పు పెట్టి కుట్టారట. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి సున్నా చుట్టాలి. తక్కినవాళ్ళు సూదితో పోగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. కల్లవ్వ గుడ్డను అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకు పట్టుకుంది. చూడడం తెలిస్తే కదా చూడడానికి. గంట అయ్యాక సున్నా చుట్టకుండానే ఇచ్చేసింది.

తరవాత చీట్లు తీయించారు. ఆమెకు గోపురం వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను, గోపురం ఆమె కళ్ళు మూసుకుని కుట్టగలదు. సూది పట్టగానే మనిషి కుదుటపడింది. చకచకా కుట్టుకుపోయింది. నాలుగు గంటలు పోయాక, అందరికంటే ముందు తిరుగుదారి పట్టింది. నేను బెంచీ మీద ముందుకు జరిగి చూస్తున్నాను. సగం దూరం వచ్చాక చెయ్యి ఆగింది.

మొదట గుడ్డ మీద దుమ్ము పడిందేమో అన్నట్టు వేలితో తుడిచింది. తరవాత సూది అటు పెట్టి చూసింది, ఇటు పెట్టి చూసింది. దారి లేదు. ఆమె జీవితంలో సూది ఆగడం అదే మొదటిసారి. తలెత్తి నా వైపు చూసింది. గుడ్డను రెండు చేతులా కొంచెం పైకెత్తింది, రోజూ సాయంత్రం మడిచే ముందు నాకు చూపించినట్టే. అందులో భయం కూడా లేదు. ఇదేమిటో చూడక్కా అన్నట్టు ఉంది, అంతే. తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థం కాలేదు. కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా దించేసింది. ఇంకో పావుగంట టైముందని ఎవరో అరిచారు. కల్లవ్వ గుడ్డ వెనక్కి తిప్పి, వంగి, ముడి వేసింది.

కసూతిలో ముడి. మా అత్తగారు కొట్టిన దెబ్బల్లో కూడా నేను చేయని పని అది.

గుడ్డ ఇవ్వగానే హిరేమఠ్ మేడం అందరూ చేసే పనే చేసింది, తిరగేసింది. బొటనవేలితో ఆ ముడి మీద రాసింది. లేచి వెళ్ళి బీరువాలోంచి ఏనుగు గుడ్డ తెచ్చింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచి కల్లవ్వను పిలిచింది. ఈ నమూనా ఎవరు కుట్టారని అడిగింది. నేనే అంది కల్లవ్వ. నిజం చెప్పమ్మా అంది మేడం, గొంతు పెంచకుండా.

"సవదత్తి ఎల్లమ్మ మీద ఒట్టు, మేడం. మొదట్నుంచి చివరిదాకా నా చేత్తోనే కుట్టాను."

"ఏనుగు తొండం దగ్గర ఒక చెయ్యి, అంబారీ దగ్గర ఇంకో చెయ్యి. నాకు కనబడుతోంది. వేరేవాళ్ళ పని తెచ్చి నాదని చెప్పి, పైగా దేవత మీద ఒట్టు పెడతావా?"

అక్కడే నేను నోరు విప్పి ఉండాలి. ఊళ్ళో అందరినీ తిట్టే నోరు, అప్పుడు మూసుకుపోయింది. నా కేంద్రం పేరు, బెంగళూరు దుకాణాలు, ఇరవై రెండేళ్ళ గొప్ప, అన్నీ ఒక్కసారిగా అడ్డం పడ్డాయి. మేడం కాగితం మీద రాసి, రాసింది పైకి చదివింది. ఇతరుల పనిని తనదిగా చూపినందువల్ల ఈ అభ్యర్థి ఇకపై ఏ పరీక్షకూ పనికిరాదు. కల్లవ్వ ఏడవలేదు. అర్థం కాని మనిషి నిలబడ్డట్టు నిలబడింది. తన చేత్తో కుట్టిన గుడ్డ తనది కాదంటే ఏమని ఏడుస్తుంది?

అప్పుడు లేచాను. అప్పుడు. కాగితం మీద రాసేశాక.

"అబద్ధం కాదండీ. ఆ పిల్లే కుట్టింది. తప్పులున్న చోట దిద్దింది నేను. ఆమెకి తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు."

మేడం కళ్ళజోడు తీసి నన్ను చూసింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. పన్నెండేళ్ళు అన్నాను. ఆవిడ కాగితం మీద రాసిన ముక్క కొట్టేసింది. దొంగతనం మాట పోయిందని నాకు ఒక్క క్షణం ఊపిరి తిరిగింది. ఆవిడ మాత్రం కల్లవ్వ వైపు తిరిగి, "నీ తప్పు లేదమ్మా. కానీ తన తప్పు తనకే కనబడని మనిషిని పంతులమ్మగా ఎలా పెట్టను? రేపు నీ దగ్గరికొచ్చే పిల్లల తప్పు ఎవరు చూస్తారు?" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

కల్లవ్వ మేడంని చూడడం లేదు. నన్నే చూస్తోంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. అణ్ణిగేరి ఊరు దాటాక నేనే ఉండబట్టలేక, కల్లీ, నీళ్ళు తాగవే అన్నాను.

"నొక్కి పిలువక్కా. ఇప్పుడు సరిపోతుంది."

దొంగ మాట కొట్టేశారు కదే అన్నాను. ఆమె వినిపించుకోలేదు. కిటికీలోంచి చూస్తూనే అడగడం మొదలుపెట్టింది. కలెక్టరు భార్య కొన్న ఇళకల్ చీర అంచులో? ఒక చోట అన్నాను. ప్రదర్శనలో అద్దాల వెనక పెట్టిన నెమళ్ళ గుడ్డలో? మూడు చోట్ల. నీలవ్వ కూతురికి బారసాలకి కుట్టిన కుల్లాయిలో? దానిమీద చిన్న చిలక, అంతే, బెత్తెడు పని. నేను తలొంచుకున్నాను. అందులో కూడా ఒక చోట.

"నేను కుట్టినదాన్లో నువ్వు ముట్టుకోనిది ఒక్కటి చెప్పక్కా."

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను, దేవుడికి తెలుసు. ఎండిన చేలు, ఇటుక బట్టీలు వెనక్కి పోతున్నాయి. ఒక్కటి కూడా గుర్తు రాలేదు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది, అది నా జబ్బు. నిన్ను ఏడిపించడం ఇష్టం లేకే చేశాను, మా అత్త దగ్గర నేను పడ్డ పాట్లు నువ్వు పడకూడదనే చేశాను, అదీ నా తప్పేనా అని బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాను.

కల్లవ్వ నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇప్పుడేం చేస్తున్నాననుకుంటున్నావు?"

మర్నాడు పదింటికి పదిమందే వచ్చారు. ఆ మర్నాడూ అంతే. హెబ్బళ్ళికి కబురు పంపితే వదిన ఎదురు కబురు పంపింది, పంతులమ్మ ఉద్యోగం వస్తుందని ఊరంతా చెప్పుకుని ఇప్పుడు మొహం చూపించలేక బ్యాడగి పోయిందని. అక్కడ మిరప మార్కెట్లో తొడిమలు తీసే పని. తక్కిన పదిమందికీ నేను జరిగింది చెప్పాను. చెప్పక తప్పలేదు. నీలవ్వ తన ఒడిలో ఉన్న గుడ్డను ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఆ సాయంత్రం వాళ్ళెవరూ గుడ్డలు బీరువాలో పెట్టలేదు, వెంట తీసుకుపోయారు. ఇప్పటికీ అంతే. దుకాణాలవాళ్ళు కొన్ని గుడ్డలు తిప్పి పంపుతున్నారు. కుట్టినవాళ్ళే వాటిని విప్పుతున్నారు, విసుక్కుంటున్నారు, ఒక్కోసారి ఏడుస్తున్నారు. నేను పక్కన కూర్చుని ఎలా వెతకాలో చెబుతున్నాను. చెయ్యి మాత్రం పెట్టను.

రెండు నెలలకు నేను బ్యాడగి వెళ్ళాను. తేరు గుడ్డ సంచిలో పెట్టుకున్నాను, ఆమె చివరిగా కుట్టింది, నేను దిద్దనిది, ఆ రోజు బస్సులో గుర్తు రానిది. మార్కెట్లో అడుగు పెట్టకముందే దగ్గు పట్టుకుంది. ఎర్రటి రాశుల చుట్టూ వందల మంది ఆడవాళ్ళు, ముక్కులకు కొంగులు కట్టుకుని కూర్చున్నారు. కల్లవ్వను పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. మనిషి నల్లబడింది. వేళ్ళు వాచి ఉన్నాయి. కారం మంటకు నూనె రాసుకుందేమో, చేతులు మోచేతుల దాకా మెరుస్తున్నాయి. నన్ను చూసి లేచి వచ్చింది. కూర్చోమని చెప్పడానికి చోటు లేదని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు దుఃఖం ఆగలేదు. తప్పయిపోయిందే, ఇంటికి రావే, నా పక్కన కూర్చుని మొదట్నుంచి నేర్చుకుందువు గాని అన్నాను. అరవై ఏళ్ళు దాటిన నేను, అంత మంది ముందు, ముప్పై నాలుగేళ్ళ పిల్ల ముందు చేతులు జోడించాను.

ఆమె నా చేతులు పట్టుకోబోయి, కారం గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. నేను సంచిలోంచి గుడ్డ తీసి రెండు కొసలూ పట్టుకుని పరిచి చూపించాను. ఇది నీదే, నేను ముట్టుకోలేదు, దీంట్లో ఒక తప్పుంది అన్నాను.

కల్లవ్వ చేతులు వీపు వెనక పెట్టుకుని గుడ్డ మీదికి వంగింది. మొదట తేరు శిఖరం చూసింది, కిందికి దిగింది, చక్రాల దగ్గర ఆగింది. పెదవులు కదులుతున్నాయి, పోగులు లెక్కపెట్టుకుంటోంది. ఎడమవైపు లెక్కపెట్టింది, కుడివైపు లెక్కపెట్టింది, మళ్ళీ ఎడమకి వచ్చింది. నా చేతులు నొప్పెట్టాయి కానీ కదలనివ్వలేదు. రాశి దగ్గర ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"కింద నుంచి నాలుగో మెట్టు. ఎడమపక్క. నాలుగు పోగులు ఎత్తాల్సింది ఐదు ఎత్తాను. అక్కణ్ణుంచి పైదంతా పక్కకి పోయింది."

అవునన్నాను.

ఆమె ఇంకా వంగే ఉంది, ఆ నాలుగో మెట్టునే చూస్తోంది. "ఇంతేనా అక్కా?" అంది. మళ్ళీ, ఇంకా చిన్నగా, "పన్నెండేళ్ళూ ఇంతేనా?" అంది.

పది నిమిషాలు కూడా పట్టలేదు ఆమెకు. ఎవరైనా ఒక్కరు ఆమె ఎదురుగా గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటే చాలేది. ఆ పది నిమిషాలు పన్నెండేళ్ళలో ఏ ఒక్క రోజైనా ఇచ్చి ఉండవచ్చు. గదగ్‌లో ఆ గదికి వేరే ఎవరో వచ్చి చేరారని అప్పటికే విన్నాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

వెనక నుంచి ఎవరో కల్లవ్వ పేరు పెట్టి కేక వేశారు. ఆమె నింపి పంపిన బుట్ట తిరిగి వచ్చింది. కాయలకు తొడిమలు మిగిలిపోయాయని మేస్త్రీ దాన్ని ఆమె చోటులోనే బోర్లించి పోయాడు. నేను వాణ్ణి తిట్టబోయాను. కల్లవ్వ వద్దన్నట్టు తల ఊపింది.

"ఇక్కడ ఇలాగేనక్కా. తప్పుంటే మొహం మీదే కొడతారు. నాకు ఇదే బాగుంది."

నేను గుడ్డ మడవలేదు. చేతులు నయమయ్యాక రా, దీన్ని నువ్వే విప్పి నువ్వే కుట్టుకుందువు గాని, నేను దగ్గరికి కూడా రాను అన్నాను. ఆమె చాలాసేపు ఆ తేరును చూసింది.

"విప్పొద్దక్కా. అలాగే ఉండనీ. ఆ ఒక్కటైనా నాది" అని, బోర్లించిన కాయల ముందు కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది.